అరుదైన పాత కామిక్ పుస్తకాల సేకరణ

అమెరికాలో 1930ల నుంచి 1960ల వరకు పది, పన్నెండు సెంట్లకు అమ్ముడుపోయిన బొమ్మల కథల పుస్తకాలను వెతికి పట్టుకుని, కొని, పాడవకుండా దాచుకునే అభిరుచి ఇది. 1960 ప్రాంతంలో కొద్దిమంది కుర్రవాళ్లు రాసుకున్న ఉత్తరాలతో మొదలైంది. యాభై ఏళ్లు తిరిగేసరికి ధరల పట్టికలు, వేలం సంస్థలు, నాణ్యతకు మార్కులు వేసే కంపెనీలు, ఆఖరికి దొంగతనాలు కూడా ఉన్న పెద్ద వ్యాపారమైంది. పాత నాణేలు, తపాలా బిళ్లల సేకరణ దీనికంటే చాలా పాతది. వాటిని మొదటినుంచీ ఎవరో ఒకరు దాచుకున్నారు. కామిక్ పుస్తకాన్ని మాత్రం దాదాపు ఎవరూ దాచుకోలేదు. వాటి ధరలకు అసలు కారణం అదే.

చిత్తుకాగితాల కాలం

దినపత్రికల్లో వచ్చిన బొమ్మల కథలను పోగుచేసి నెలనెలా పుస్తకంగా అచ్చువేసి, పది సెంట్లకు పత్రికల దుకాణాల్లో అమ్మడం 1934లో ‘ఫేమస్ ఫన్నీస్’తో స్థిరపడింది. నాలుగేళ్ల తర్వాత ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచిక వచ్చింది. అట్టమీద 1938 జూన్ అని ఉన్నా, దుకాణాలకు చేరింది ఏప్రిల్‌లోనే. సూపర్‌మ్యాన్ తొలిసారి కనిపించింది అందులోనే. ఆ పాత్రను సృష్టించిన జెర్రీ సీగెల్, జో షుస్టర్ దాని హక్కులను 130 డాలర్లకు ప్రచురణకర్తలకు రాసిచ్చేశారు. ఆ సంచిక దాదాపు 2 లక్షల ప్రతులు అచ్చయిందని, ఈరోజు మిగిలినవి 100 ప్రాంతంలో ఉంటాయని సేకర్తల అంచనా.

మిగతావి ఏమయ్యాయంటే, పిల్లలు చదివి, మడిచి జేబులో కుక్కి, స్నేహితులతో మార్చుకుని, చివరికి చించేశారు. పిల్లలు వదిలినవాటిని తల్లులు ఇల్లు సర్దుతూ పారేశారు. అమ్ముడుపోని ప్రతులను దుకాణాలవాళ్లు తిప్పి పంపేవారు కారు. అట్ట పైభాగం చింపి అది మాత్రం పంపి డబ్బు రాబట్టుకునేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో పాత కాగితం ఇవ్వడం దేశభక్తి అని ప్రచారం జరిగింది. బడిపిల్లలే ఇంటింటికీ తిరిగి కాగితం పోగుచేశారు, తమ కామిక్స్‌తో సహా.

యుద్ధం ముగిశాక నిప్పు వంతు వచ్చింది. కామిక్స్ పిల్లలను చెడగొడుతున్నాయని 1948లో న్యూయార్క్ రాష్ట్రంలోని బింగ్‌హామ్టన్ వంటి ఊళ్లలో వాటిని కుప్పపోసి తగలబెట్టారు. 1954లో మానసిక వైద్యుడు ఫ్రెడ్రిక్ వెర్థామ్ ఇదే ఆరోపణతో పుస్తకం రాశాడు. అదే ఏడాది సెనేట్ ఉపసంఘం విచారణ జరిపింది. ప్రచురణకర్తలు జడిసి తమకు తామే ఒక నియమావళి పెట్టుకున్నారు. ఈ దెబ్బకు భయానక కథల పత్రికలన్నీ మూసుకోవలసి వచ్చిన ఈసీ కామిక్స్ యజమాని విలియం గెయిన్స్‌కు మాత్రం ఒక మంచి అలవాటుండేది. ప్రతి సంచికకూ కొత్త ప్రతులు కొన్ని కట్టగట్టి దాచేవాడు. దశాబ్దాల తర్వాత అవి బయటికి వచ్చినప్పుడు అచ్చు యంత్రం నుంచి అప్పుడే దిగినట్టున్నాయి. ఇంత ముందుచూపు ఆ రోజుల్లో మిగతా ప్రచురణకర్తల్లో అరుదు.

ఉత్తరాల నుంచి ధరల పుస్తకం దాకా

1940లలో ఈ కథలు చదివిన పిల్లలు 1960 నాటికి పెద్దవాళ్లయ్యారు. 1960లో రిచర్డ్, ప్యాట్ లుపాఫ్ దంపతులు ‘జీరో’ అనే చిన్న పత్రికలో పాత కామిక్స్ గురించి వ్యాసాలు వేయడం మొదలుపెట్టారు. 1961లో డెట్రాయిట్ అధ్యాపకుడు జెర్రీ బెయిల్స్, రాయ్ థామస్‌తో కలిసి ‘ఆల్టర్ ఈగో’ తెచ్చాడు. అదే సమయంలో డీసీ ప్రచురణ సంస్థ సంపాదకుడు జూలియస్ ష్వార్ట్జ్ పాఠకుల లేఖలను పూర్తి చిరునామాలతో అచ్చువేయడం ప్రారంభించాడు. చిన్న మార్పే, కానీ దాని ఫలితం పెద్దది. తనలాంటి పిచ్చివాళ్లు దేశంలో ఇంకా ఉన్నారని ప్రతివాడికీ తెలిసింది. ‘నా దగ్గర ఫలానా సంచిక ప్రతులు రెండున్నాయి, నీ దగ్గరేముంది’ అని ఉత్తరాలు నడిచాయి.

అప్పటి వేట అంతా కాలినడక వ్యవహారం. పాత పుస్తకాల అంగళ్లు, ధర్మసంస్థల దుకాణాలు, కాలం చేసినవాళ్ల ఇళ్లలో సామాను అమ్మకాలు వెతికేవారు. 1964 జులైలో న్యూయార్క్‌లో అభిమానులు ఒకచోట చేరారు. 1970లో శాన్ డియేగోలో మొదలైన సమావేశం ఇప్పటికీ ఏటా జరుగుతోంది.

ధర విషయంలో మాత్రం అంతా గందరగోళమే. అమ్మేవాడు కొనేవాడి మొహం చూసి చెప్పిందే ధర. 1970లో టెనెసీకి చెందిన రాబర్ట్ ఓవర్‌స్ట్రీట్ ధరల పట్టికను పుస్తకంగా అచ్చువేశాడు. అందులో ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచిక మేలైన ప్రతికి రాసిన విలువ 300 డాలర్లు. ఈ పుస్తకం కొనేవాళ్లను మోసం నుంచి కొంత కాపాడింది. అయితే దాన్ని చూశాకే చాలామందికి తమ అటకల మీద డబ్బుందని తట్టింది.

డెన్వర్ నేలమాళిగ

ఈ చరిత్రలో అన్నిటికంటే పెద్ద దొరుకుబడి 1977లో కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్‌లో జరిగింది. ఎడ్గర్ చర్చ్ అక్కడి టెలిఫోన్ కంపెనీకి డైరెక్టరీ ప్రకటనల బొమ్మలు గీసేవాడు. బొమ్మలకు నమూనాలు కావాలని పత్రికలు, కామిక్స్ కొని పోగుచేయడం అలవాటు. 1930ల చివరి నుంచి 1950ల దాకా కొంటూనే పోయాడు. వృద్ధాప్యంలో ఆయన ఆరోగ్యం చెడింది. కుటుంబం ఇల్లు ఖాళీ చేయదలచి, పాత కామిక్స్ కొనే వ్యాపారి చక్ రోజాన్‌స్కీకి కబురు పెట్టింది. అప్పటికి అతనికి పాతికేళ్లు కూడా నిండలేదు. నేలమాళిగలోని చిన్న గదిలో అతనికి కనిపించినవి 18,000 నుంచి 22,000 వరకు పుస్తకాలు. వాటిలో ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచికా ఉంది.

సంఖ్య కంటే ఆశ్చర్యపరచింది వాటి స్థితి. కామిక్స్ అచ్చయ్యేది చౌక న్యూస్‌ప్రింట్ మీద. కలప గుజ్జులోని లిగ్నిన్ వెలుతురుకు, గాలికి చెడి ఆమ్లం పుట్టిస్తుంది. కాగితం పసుపెక్కి, గోధుమరంగుకు తిరిగి, చివరికి పట్టుకుంటే పొడిగా రాలిపోతుంది. తేమ తగిలితే పిన్నులు తుప్పుపడతాయి. డెన్వర్ ఎత్తుమీది ఊరు, గాలి పొడిగా ఉంటుంది. చీకటి గదిలో ఒకదానిమీద ఒకటి బిగుతుగా పేర్చి ఉన్నందువల్ల లోపలికి గాలీ వెలుతురూ సోకలేదు. నలభై ఏళ్ల తర్వాత తెరిస్తే తెల్లని పుటలు, చెక్కుచెదరని రంగులు.

రోజాన్‌స్కీ వాటిని కొన్నది చాలా తక్కువ మొత్తానికి. అమ్మింది మాత్రం ఓవర్‌స్ట్రీట్ పట్టికలోని ధరకు మించి. మొదట కొనేవాళ్లు మండిపడ్డారు, ఆ తర్వాత పోటీపడ్డారు. ఒకే సంచికలో మామూలు ప్రతికి, అద్భుతమైన ప్రతికి మధ్య ధర ఎన్నో రెట్లు తేడా ఉండవచ్చన్న సంగతి అప్పుడు తేలింది. రోజాన్‌స్కీ దుకాణం పేరుమీద ఈ ప్రతులను ‘మైల్ హై’ ప్రతులని విడిగా పిలుస్తారు. ఒక పుస్తకం ఎవరి ఇంటినుంచి వచ్చిందో కూడా దాని విలువలో భాగమైంది. చర్చ్ కుటుంబానికి న్యాయం జరిగిందా అనే వాదన నేటికీ ఉంది. తూకానికి పోవలసిన సరుకును కాపాడాడని కొందరంటారు. విలువ తెలిసినవాడు తెలియనివాళ్లకు చెప్పి కొనాల్సిందని మరికొందరంటారు. రెండో మాటలోనే న్యాయం ఎక్కువ ఉంది, కానీ ఈ వ్యాపారం మొదటి మాట మీదే నడుస్తోంది.

ప్లాస్టిక్ డబ్బా, పది మార్కులు

ధరలు పెరిగాక మోసాలూ పెరిగాయి. అంచులు కత్తిరించి పదును చేయడం, పోయిన రంగును కుంచెతో అద్దడం, వేరే ప్రతి పుటలు తెచ్చి అతకడం వంటివి మామూలయ్యాయి. 2000లో పనిచేయడం మొదలుపెట్టిన సీజీసీ సంస్థ దీనికి విరుగుడు చూపింది. పుస్తకాన్ని పరీక్షించి, పదికి ఇన్ని మార్కులని వేసి, గట్టి పారదర్శక డబ్బాలో పెట్టి సీలు వేస్తుంది. మరమ్మతు చేసిన ప్రతికి ఊదారంగు చీటీ అంటిస్తుంది. దాంతో ప్రతిని స్వయంగా చూడకుండానే వేల డాలర్లు పెట్టడం సాధ్యమైంది. సీలు విప్పితే మార్కులు చెల్లవు కాబట్టి ఆ పుస్తకాన్ని ఇక ఎవరూ చదవరు. అక్కడికి అది బంగారు కడ్డీ లాంటిదే, బొమ్మల కథ కాదు.

2010 ఫిబ్రవరిలో ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచిక ఒకటి 10 లక్షల డాలర్లు పలికింది. ఒక కామిక్ పుస్తకానికి ఆ ధర రావడం అదే మొదటిసారి. మూడు రోజులకే బ్యాట్‌మ్యాన్ తొలిసారి వచ్చిన ‘డిటెక్టివ్ కామిక్స్’ 27వ సంచిక దాన్ని దాటింది. 2014లో 9.0 మార్కుల ‘యాక్షన్’ ప్రతి 32 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. 2025 నవంబరులో సూపర్‌మ్యాన్ సొంత పత్రిక తొలి సంచికకు వేలంలో 91 లక్షల 20 వేల డాలర్లు వచ్చాయి. కాలిఫోర్నియాలో ముగ్గురు అన్నదమ్ములకు అది తల్లి మరణానంతరం అటకమీది అట్టపెట్టెలో దొరికింది.

ఇలాంటి దొరుకుబళ్లు ఇంకా ఉన్నాయి. 2012లో వర్జీనియా మనిషి ఒకరు చిన్నప్పుడు కొని దాచిన 345 పుస్తకాలు వేలంలో 35 లక్షల డాలర్లు తెచ్చాయి. 2013లో మినెసోటాలో పాత ఇల్లు కొని బాగుచేస్తున్న వ్యక్తికి గోడలో కుక్కిన పాత పత్రికల మధ్య ‘యాక్షన్’ మొదటి సంచిక కనిపించింది. చుట్టం ఒకరితో జరిగిన లాగులాటలో వెనక అట్ట చిరిగింది. దాంతో ధర సుమారు 75,000 డాలర్లు తగ్గి ఉంటుందని అంచనా వేశారు. అయినా 1,75,000 డాలర్లు వచ్చాయి. అతను ఇల్లు కొన్నది పదివేల చిల్లరకు. నటుడు నికొలస్ కేజ్ ఇంట్లో 2000లో చోరీ అయిన ‘యాక్షన్’ మొదటి సంచిక ప్రతి 2011లో లాస్ ఏంజెలెస్ దగ్గర అద్దె గోదాములో బయటపడి, అదే ఏడాది 21 లక్షల 60 వేల డాలర్లకు, 2026 జనవరిలో ప్రైవేటుగా కోటి 50 లక్షల డాలర్లకు చేతులు మారింది. దొంగతనం కథ తోడైతే ధర పెరుగుతుందే గానీ తగ్గడం లేదు.

పాత సంచికల ధరలు పెరగడం చూసి కొత్తవాటిని ముందే పోగుచేద్దామనుకున్నవాళ్లు మాత్రం అంతకుముందే దెబ్బతిన్నారు. 1991లో ‘ఎక్స్‌మెన్’ కొత్త తొలి సంచిక 80 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడైంది. లక్షలమంది కొత్తగా ఉండగానే దాచిపెట్టారు. అందరూ దాచింది అరుదెలా అవుతుంది? మార్కెట్ కుప్పకూలింది. 1996 చివర్లో దాన్ని ప్రచురించిన మార్వెల్ సంస్థే దివాలా రక్షణ కోరింది.

భారతదేశంలో

ఇక్కడ సేకర్తల వేట ప్రధానంగా రెండింటి చుట్టూ తిరుగుతుంది. ఒకటి, 1964 నుంచి 1990 దాకా నడిచి ఫాంటమ్, మాండ్రేక్ కథలను ఇంటింటికీ చేర్చిన ఇంద్రజాల్ కామిక్స్. రెండోది, అనంత్ పాయ్ 1967లో ప్రారంభించిన అమర్ చిత్ర కథ. ఇది తెలుగులోనూ వచ్చింది. పునర్ముద్రణలు లెక్కలేనన్ని కాబట్టి తొలి ముద్రణ గుర్తుపట్టడమే ఇందులో అసలు విద్య. హైదరాబాద్ అబిడ్స్‌లో ఆదివారం కాలిబాట మీద పరిచే పుస్తకాల్లో, విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల అంగళ్లలో ఈ వేట సాగుతుంది. తెలుగువాళ్లు వీటికంటే ఎక్కువగా వెతికేది 1947 జులైలో మొదలైన ‘చందమామ’ తొలి సంచికలు. అది కామిక్ కాకపోయినా బొమ్మల కోసమే దాన్ని దాచుకున్నవాళ్లు చాలామంది.

మన ఇళ్లలో ఇంకో అలవాటుంది. సీరియల్ పుటలు చింపి, వరుసగా పెట్టి, దారంతో కుట్టించి బైండు చేయించడం. అమెరికా సేకర్త లెక్కలో ఇది పుస్తకాన్ని పాడుచేయడమే. కానీ మన వాతావరణంలో, చెదలకూ పాత పేపర్లవాడికీ మధ్య చాలా సీరియళ్లు బతికింది ఆ బైండుల్లోనే. ఇంట్లో అలాంటివి కనిపిస్తే చిరిగినచోట సెల్లోటేపు అంటించకండి, లామినేషన్ చేయించకండి. తడి తగలని చీకటి చోట నిటారుగా పెట్టి, తూకానికి వేసేముందు తెలిసినవాళ్లకు ఒకసారి చూపించండి.