గట్టి రాతి నేలల్లో భూభౌతిక జలాన్వేషణ: చెన్నై

భూమి లోపలి పొరల భౌతిక ధర్మాలను పైనుంచే కొలిచి, బోరు వేయదగిన చోటును అంచనా వేసే పద్ధతి భూభౌతిక జలాన్వేషణ. చెన్నై దక్షిణాన సెయింట్ థామస్ మౌంట్, పల్లావరం ప్రాంతాల్లో ఉన్నది చార్నొకైట్ శిల. కోల్‌కతాలో ఈస్టిండియా కంపెనీ అధికారి జాబ్ చార్నాక్ సమాధి రాయి ఈ జాతిదే కావడంతో 1893లో భూవిజ్ఞాని టి.హెచ్. హాలండ్ దానికి ఆ పేరు పెట్టాడు. ఈ శిలలో సహజ రంధ్రాలు దాదాపు ఉండవు. నీరు పైనున్న శిథిల పొరలోను, కింది పగుళ్లలోను మాత్రమే నిలుస్తుంది.

ఎక్కువగా వాడేది విద్యుత్ నిరోధకత సర్వే. వెన్నర్, ష్లంబర్జర్ అనే ఎలక్ట్రోడ్ అమరికల్లో వెలుపలి రెండు ఎలక్ట్రోడ్లతో నేలలోకి కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజి తేడాను కొలుస్తారు. వెలుపలి ఎలక్ట్రోడ్ల దూరం పెరిగేకొద్దీ లోతైన పొరల సమాచారం అందుతుంది. పగుళ్లు లేని శిల నిరోధకత సాధారణంగా 1,000 ఓమ్-మీటర్లు దాటుతుంది. నీరు నిండిన శిథిల పొరలో అది అంతకంటే చాలా తక్కువ. అయితే తక్కువ విలువ ఒక్కటే నీటికి రుజువు కాదు: బంకమన్ను, తీరం దగ్గరి ఉప్పునీరు కూడా అదే సంకేతం ఇస్తాయి. లోతున ఉన్న సన్నని పగులు ఈ కొలతలకు తరచూ చిక్కదు. హైదరాబాద్‌లో 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఆ నగరం దగ్గరి మహేశ్వరంలో, చార్నొకైట్ లాగే గట్టి రాయైన గ్రానైట్ నేలల్లో ఈ కోవ అధ్యయనాలు చేసింది.