మన్రో దొరకు వినబడిన మాట



మంత్రాలయం పోస్టు మన సంఘం గ్రూపులో మళ్ళీ తిరుగుతా ఉంది. ఈసారి దాని కింద ఎర్ర అక్షరాలతో "మద్రాసు ప్రభుత్వ గెజిట్‌లో నమోదైన నిజం" అని కూడా చేర్చినారు. రాఘవేంద్రస్వామి బృందావనంలోంచి వచ్చి థామస్ మన్రోతో మాట్లాడినారని, చుట్టూ ఉన్నవాళ్ళకు ఏమీ కనబడలేదని, ఏమీ వినబడలేదని కథ. పెట్టిన అన్న మంచి మనసుతోనే పెట్టినాడు. అయితే మన్రో మనకు పరాయి దొర కాదు. ఆయన రెవెన్యూ పని నేర్చుకున్నది మన నేల మీదనే. అందుకని ఈ కథను కొంచెం నిదానంగా చూద్దాం. పొడుగు రాత, ఓపిక ఉన్నప్పుడే చదవండి.

1792లో శ్రీరంగపట్నం సంధితో టిప్పు సుల్తాను బారామహల్‌ను కుంపిణీకి వదులుకున్నాడు. అంటే కృష్ణగిరి, ధర్మపురి, తిరుపత్తూరు వైపు నేల. మన హోసూరు, డెంకణికోట ఉన్న బాలాఘాటు మాత్రం ఇంకో ఏడేళ్ళు టిప్పు కిందనే ఉండి, 1799లో ఆయన పోయినాక ఇంగ్లీషువాళ్ళ చేతికొచ్చింది. బారామహల్ మీద కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్‌ను పెట్టినారు. ఆయన కింద పనిచేసిన సైనికుల్లో ఒకడు మన్రో. అప్పటికి ముప్ఫై ఏళ్ళు దాటినాయి, మకాం ధర్మపురి. ఊరూరూ తిరిగి, చేను చేనుకూ కొలతలు వేయించి, నడుమ జమీందారు లేకుండా రైతుతోనే పన్ను మాట్లాడుకునే పద్ధతిని రీడ్, మన్రో ఇక్కడే పట్టుకున్నారు. తర్వాత దేశమంతా రైత్వారీ అని పేరుపడింది అదే. ఇప్పుడు మన పట్టా కాగితాల వెనుక ఉన్న కథ అది, కానీ దానికి ఇంకో పోస్టు కావాలి.

1800లో నిజాము బళ్ళారి, కడప ప్రాంతాలను కుంపిణీకి ఇచ్చినప్పుడు ఆ దత్త మండలాలకు మన్రోను పెద్ద కలెక్టరుగా పంపినారు. 1807 దాకా అక్కడున్నాడు. మంత్రాలయం కథ ఈ కాలానిది. స్వామి బృందావన ప్రవేశం 1671లో, అంటే అప్పటికి నూట ముప్ఫై ఏళ్ళ కిందట.

ఇప్పుడు ఆ "గెజిట్" సంగతి. గెజిట్ అంటే సర్కారు ఉత్తర్వులు, నియామకాలు అచ్చువేసే పత్రిక. గజెటీర్ వేరే. అది జిల్లాలో కొండలేవి, పంటలేవి, సంతలెక్కడ, ఏ ఊరికి ఏ కథ ఉంది అని రాసిపెట్టుకునే పుస్తకం. మన్రో కథ ఉండేది రెండోదాంట్లో. డబ్ల్యు. ఫ్రాన్సిస్ అనే అధికారి 1904లో తెచ్చిన బళ్ళారి జిల్లా గజెటీర్‌లో, ఆదోని తాలూకా మంచాల అనే ఊరి కింద. మంచాల అంటే మంత్రాలయమే. మన్రో పోయింది 1827లో. అంటే ఆయన పోయిన 77 ఏళ్ళకు రాసిన పుస్తకం ఇది.

ఫ్రాన్సిస్ దీన్ని జరిగిన విషయంగా రాయలేదు. ఇక్కడ మన్రో గురించి ఒక వింత కథ చెప్పుకుంటారు అని మొదలుపెట్టి, మఠం ఇనాము రద్దయ్యేట్టుంటే విచారణకు మన్రో వచ్చినాడని, బూట్లు, టోపీ తీసి బృందావనం దగ్గరికి పోయినాడని, స్వామి బయటికొచ్చి ఇనాము గురించి మాట్లాడినాడని, తక్కినవాళ్ళకు కనబడలేదు, వినబడలేదని రాసినాడు. మన్రోకు మాత్రం ఎందుకు కనబడినాడు? ఆయనలో దైవాంశ ఉందని జనం అంటారు, అని కూడా రాసినాడు. చివరికి మన్రో డేరాకు తిరిగిపోయి ఇనాము రద్దు ఆలోచనను కొట్టేసినాడని, ఇచ్చిన అక్షతలను ఆ పూట వంటలో వేయించుకున్నాడని ముగించినాడు.

స్వామి వచ్చినారా లేదా అనేది భక్తుల మాట, దాని జోలికి నేను పోను. కాగితం సంగతి వరకే నా పని. కాగితంలో "జరిగింది" అని లేదు, "చెప్పుకుంటారు" అని ఉంది. ఈ రెంటికీ నడుమ ఉన్న దూరాన్ని మన ఫార్వర్డులు చెరిపేసినాయి.

నాకైతే ఆ "చెప్పుకుంటారు" అన్నదాంట్లోనే అసలు చరిత్ర ఉంది. కొత్తగా వచ్చిన తెల్ల దొరతనం గుడిమాన్యాలు ఉంచుతుందో పీకుతుందో తెలియని రోజులవి. మాన్యం నిలిచింది. ఎందుకు నిలిచింది? ఏ సనదు చూసినాడో, ఏ లెక్క వేసినాడో ఊరికి తెలియదు. తెలిసిందల్లా, దొర లోపలికి పోయినాడు, బయటికొచ్చినాడు, మాన్యం మిగిలింది. ఆ ఖాళీలో ఒక సంభాషణ వినబడింది. అదీగాక, మాట్లాడిన మాట ఎవరికీ వినబడలేదంటే దాన్ని కాదనడానికి సాక్షి కూడా ఉండడు.

రాయలసీమలో మన్రో మీద అభిమానం ఉత్త కథ కాదు. పిల్లలకు మన్రోలప్ప అని పేర్లు పెట్టుకున్నారు. 1807లో దత్త మండలాల శిస్తును నూటికి 25 వంతులు తగ్గించమని పైకి రాసినాడు. పాళెగాళ్ళను అణచిన చెయ్యి కూడా అదేనని మరచిపోకూడదు. ఆ పాళెగాళ్ళ వారసుల ఊళ్ళలో ఈయనకు దైవాంశ ఉందని ఎవరూ అనివుండరు.

మన్రో గురించి ఇంకో కథ ఉంది, అది కంటికి సంబంధించింది. కడప జిల్లా చక్రాయపేట దగ్గర పాపాఘ్ని నది కొండను చీల్చుకుని పోయేచోటు గండి. ఈ నది పుట్టేది నంది కొండల వైపు, మన కెలవరపల్లి ఆనకట్టకు నీళ్ళిచ్చే దక్షిణ పినాకిని పుట్టేదీ ఆ దిక్కునే. రాముడు లంక నుంచి తిరిగొస్తుంటే వాయుదేవుడు ఆ రెండు కొండల నడుమ బంగారు తోరణం కట్టినాడని స్థలపురాణం. అది మామూలు కళ్ళకు కనబడదు. కనబడినవాళ్ళు ఎక్కువ కాలం బతకరని నమ్మకం. మద్రాసు గవర్నరుగా ఉన్న మన్రో ఆ దారిన పోతూ తలెత్తి, లోయకు అడ్డంగా ఆ బంగారు దండ కట్టిందెవరు అని అడిగినాడట. పక్కనున్నవాళ్ళకు ఆకాశం తప్ప ఏమీ కనబడలేదు. 1827 జులై 6న పత్తికొండలో కలరాతో పోయినాడు.

ఇక్కడ నా లెక్క ఇది. చావు ముందు జరిగింది, తోరణం తర్వాత కనబడింది. అంటే చావు వచ్చినాక దానికి ఒక సూచన వెతుక్కున్నారు. లేదా, ఇరుకైన లోయలో పొద్దు వాలేటప్పుడు, నీటి మీది తేమకు, దుమ్ముకు వెలుగు తగిలి ఆయనకు నిజంగానే ఏదో పసుపు గీత కనబడి ఉండొచ్చు. ఇంకొకరికి అది వట్టి వెలుగు. తోరణం కథ తెలిసిన ఊళ్ళో అది తోరణమే.

మనిషి కన్ను అట్లాంటిదే. మబ్బులో ఏనుగు, చంద్రుడిలో కుందేలు. దీనికి పారైడోలియా అని పేరు పెట్టినారు. ముఖాలనైతే మరీ తొందరగా పట్టేస్తాం, రెండు చుక్కలు, కింద ఒక గీత ఉంటే చాలు. 1976లో వైకింగ్ నౌక అంగారకుడి మీద తీసిన ఫోటోలో ఒక మిట్ట మనిషి ముఖంలా పడింది. 1998లో, 2001లో ఇంకా స్పష్టంగా తీస్తే ముఖం పోయి గుట్ట మిగిలింది. 2018 జులైలో షిర్డీ ద్వారకామాయి గోడ మీద బాబా ముఖం కనబడుతోందని రాత్రికి రాత్రి జనం చేరినారు. మనకు ఇంతదూరం కూడా అక్కరలేదు. కృష్ణగిరి, ధర్మపురి పొలాల్లో వీరగల్లులు ఎన్ని లేవు! యుద్ధంలోనో, ఆవుల మందను కాపాడుతూనో చచ్చిపోయినవాడి రాయి. ఆ రాళ్ళనే చాలాచోట్ల వేడియప్పన్ అని కొలుస్తారు. నూనె, పసుపు పట్టి చెక్కడం చెరిగిపోయి ఉంటుంది. పూజారి రెండు వెండి కళ్ళు అతికిస్తాడు. అంతే, రాయి మనల్ని చూస్తుంది. నేను దీన్ని తప్పుపట్టను. పేరు మరచిపోయిన వీరుడికి ముఖం దక్కింది కదా.

చెవి సంగతి కూడా ఇంతే. లాత్వియావాడైన కాన్‌స్టాంటిన్ రౌడివె టేపు రికార్డరులో వచ్చే సరసర చప్పుడును మళ్ళీ మళ్ళీ విని, చచ్చిపోయినవాళ్ళు నాలుగైదు భాషలు కలిపి తనతో మాట్లాడుతున్నారన్నాడు. ఆ భాషలన్నీ ఆయనకు తెలిసినవే. ఆ టేపు మన హోసూరులో పెట్టివుంటే తెలుగు, కన్నడం, తమిళం, ఉర్దూ నాలుగూ దొరికేవి!

బెంగళూరు పేటల్లో 1990లలో పుట్టిన భయం మనలో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. రాత్రిపూట ఒక ఆడదయ్యం తలుపు తట్టి ఇంట్లోవాళ్ళ గొంతుతోనే పిలుస్తుందట, పలికితే చావేనట. అందుకని తలుపుల మీద "నాళె బా" అని రాసుకున్నారు. మన తెలుగు ఊళ్ళలో అదే "ఓ స్త్రీ రేపు రా" అయింది. 2018లో హిందీలో "స్త్రీ" సినిమాకు మూలం ఈ కథే. నవ్వుకోవడానికి బాగుంది గానీ, ఆ గొంతు ఎవరిదో చూడండి. తెలియనివాళ్ళది కాదు, అమ్మది, అన్నది.

మనవాళ్ళ గొంతు వినబడటం దయ్యాల వ్యవహారమే కానక్కరలేదు. 1971లో డ్యూయీ రీస్ అనే డాక్టరు వేల్స్‌లో మొగుడో పెళ్ళామో పోయిన 293 మందిని అడిగి చూసినాడు. దాదాపు సగం మంది, పోయినవాళ్ళు ఇంకా దగ్గరున్నట్టు అనిపించిందన్నారు. కొందరికి మాట వినబడింది, కొందరికి మనిషే కనబడినారు. ఎక్కువమంది అంతకుముందు ఈ మాట ఎవరికీ చెప్పుకోలేదు. వాళ్ళలో చాలామందికి అది ఓదార్పుగానే ఉంది. అది పిచ్చి కాదని రీస్ తేల్చినాడు.

నేను ఈ పోస్టు రాయడానికి కూర్చున్నది అసలు ఇక్కడికి రావడానికే. మంత్రాలయంలో ఒక మనిషికి తక్కినవాళ్ళెవరికీ వినబడని మాట వినబడింది. ఆయన దొర కాబట్టి దైవాంశ అన్నారు. అదే మాట మన వీధిలో ఒక బీద ఆడమనిషికి వినబడితే ఏమంటారు? గాలి సోకింది అంటారు. వేపమండలు తెస్తారు, కొడతారు, ఎక్కడికో తీసుకుపోయి కట్టేసి వస్తారు. మగపిల్లవాడైతే పెళ్ళి చేస్తే సరిపోతుందంటారు, ఇంకో ఇంటి ఆడపిల్ల గొంతు కోస్తారు.

2001 ఆగస్టు 6న, మన తమిళనాడులోనే, రామనాథపురం జిల్లా ఏర్వాడిలో తెల్లవారుజామున ఒక పాకకు నిప్పంటుకుంది. దర్గా దగ్గర నయమవుతుందని తెచ్చి వదిలిన మానసిక రోగులుండే పాక అది. గొలుసులతో కట్టేసి ఉన్నందువల్ల లేచి పరుగెత్తలేకపోయినారు. 28 మంది చనిపోయినారు. వాళ్ళకు ఏ మాటలు వినబడేవో అడిగి రాసుకున్న గజెటీర్ ఏదీ లేదు.

2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం రోగిని ఏ రకంగానూ గొలుసుతో కట్టకూడదు, గుళ్ళో అయినా దర్గాలో అయినా ఇంట్లో అయినా. వినబడే మాట మనిషిని భయపెడుతుంటే, తిండీ నిద్రా మానిపిస్తుంటే, చచ్చిపొమ్మనో కొట్టమనో చెబుతుంటే డాక్టరు దగ్గరికి పోవాల్సిన పని అది. మొక్కుకోవాలంటే మొక్కుకోండి, చంద్రచూడేశ్వరుడి కొండెక్కి దండం పెట్టుకునే పోండి. నిమ్‌హాన్స్ ఉండేది బెంగళూరులో హోసూరు రోడ్డు మీదనే, మన బస్టాండులో ఎక్కితే అదే దారి. అంతదూరం పోలేనివాళ్ళు 14416కు ఫోను చేయొచ్చు, టెలి మానస్ అంటారు, డబ్బులు కట్టక్కరలేదు, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులోనూ మాట్లాడొచ్చు. మంత్రాలయం పోస్టును పంపినంత మందికీ ఈ నంబరు కూడా పంపండి.