జన్‌గఢ్ శ్యామ్: అడవిని గోడ మీదికి తెచ్చిన పర్ధాన్

ఉమ్మడి ఆదిలాబాద్‌లో గోండులకు తమ పుట్టుపూర్వోత్తరాలు చెప్పేవాళ్లు పర్ధానులు. కిక్రి వాయిస్తూ పెర్సపేన్ కథలు, గోత్రాల కథలు పాడతారు. రాత లేని కాలంలో మన చరిత్రను గొంతులో దాచి కాపాడింది వాళ్లే. మధ్యప్రదేశ్‌లో నర్మద పుట్టే కొండల్లో కూడా పర్ధానులు ఉన్నారు. అక్కడ వాళ్ల వాద్యం పేరు బానా. వాళ్ల బడాదేవ్ ఉండేది గుడిలో కాదు, నల్లమద్ది చెట్టులో. ఆ చెట్టు కింద బానా వాయించి దేవుణ్ని మేల్కొలుపుతారు.

ఆ పర్ధానుల్లోనే 1960ల మొదట్లో పాటన్‌గఢ్ అనే ఊళ్లో జన్‌గఢ్ సింగ్ శ్యామ్ పుట్టాడు. ఇప్పుడది దిండోరి జిల్లా. పేద ఇల్లు. చదువు మధ్యలోనే ఆగిపోయింది. పశువులు కాశాడు, కూలికి వెళ్లాడు. బొమ్మలు నేర్పే బడి ఆ దగ్గర్లో లేదు. కానీ ఆ ఊళ్లో ఆడవాళ్లు ఇల్లు అలికి, తెల్లమట్టి, ఎర్రమట్టి, పసుపు మట్టి, బొగ్గుతో నేల మీదా గోడల మీదా దిగ్నా అనే ముగ్గులు వేస్తారు. ఒంటి మీద పచ్చబొట్లు పొడిపించుకుంటారు. జన్‌గఢ్ చూసి నేర్చుకున్నది వీటినే.

1981లో భోపాల్‌లో భారత్ భవన్ కట్టే పని నడుస్తోంది. అక్కడి చిత్రకళా విభాగాన్ని చూస్తున్న చిత్రకారుడు జె. స్వామినాథన్ కళా విద్యార్థులను పల్లెలకు, గూడేలకు పంపాడు. వాళ్లు పాటన్‌గఢ్‌లో ఒక ఇంటి గోడ మీద జన్‌గఢ్ గీసిన బొమ్మ చూసి, గీసినవాడి కోసం వెతికారు. అలా ఆయన భోపాల్ చేరాడు. 1982లో భారత్ భవన్ తెరిచినప్పుడు నగర చిత్రకారుల బొమ్మలు, ఆదివాసుల బొమ్మలు ఒకే కప్పు కింద ఉన్నాయి. మనవాళ్లు గీసింది ‘చేతిపని’, చదువుకున్నవాళ్లు గీసింది ‘కళ’ అనే తేడాను స్వామినాథన్ ఒప్పుకోలేదు. ఆ రోజుల్లో ఇది చిన్న విషయం కాదు.

భోపాల్‌లో జన్‌గఢ్‌కు కొత్తగా దొరికినవి కాగితం, సీసా రంగులు, సన్న కలం. మొదటిసారి ఆ రంగుల్లో కుంచె ముంచినప్పుడు ఒళ్లు వణికిందని ఆయనే చెప్పాడు. సామగ్రి పట్నానిదే అయినా గీసింది మాత్రం తన అడవినే. దుప్పి, పులి, పాము, మొసలి, పీత, పక్షి. దుప్పి కొమ్ములు పైకి పోయి కొమ్మలవుతాయి. ఏది జంతువు, ఏది చెట్టు అని గీత గీసి వేరు చేయలేం. ఒంటి నిండా వరసగా చుక్కలు, సన్న గీతలు. పచ్చబొట్టు చూసిన కళ్లకు అవి కొత్తగా అనిపించవు. అప్పటిదాకా కథలోనూ పాటలోనూ మాత్రమే ఉన్న దేవతలకు కూడా ఆయన రూపం ఇచ్చాడు. తాతలు బానాతో చేసిన పనినే మనవడు కుంచెతో చేశాడని మేము అనుకుంటాం.

1989లో పారిస్‌లో ప్రపంచం నలుమూలల నుంచి సుమారు 100 మంది కళాకారులను పిలిచి పెట్టిన పెద్ద ప్రదర్శనలో ఆయన బొమ్మలూ ఉన్నాయి. భోపాల్ కొత్త శాసనసభ భవనం గోడల మీద కూడా గీశాడు. పాటన్‌గఢ్ నుంచి చుట్టాలను, యువకులను పిలిపించి ఇంట్లో పెట్టుకుని పని నేర్పాడు. అందుకే ఆ పద్ధతికి ‘జన్‌గఢ్ కలం’ అనే పేరు వచ్చింది.

2001 జూలైలో ఈ కథ తెగిపోయింది. జపాన్‌లో ఒక మ్యూజియం కోసం బొమ్మలు గీయడానికి వెళ్లిన జన్‌గఢ్ అక్కడే ప్రాణం తీసుకున్నాడు. అప్పటికి ఆయనకు సుమారు నలభై ఏళ్లు. ఏ షరతుల మీద వెళ్లాడు, ఎంత ఇస్తామన్నారు అని మన దేశ కళాకారులు గట్టిగా అడిగారు. మనం కూడా అడగాలి. ఇప్పపువ్వుకు, చింతపండుకు ధర కట్టేటప్పుడు మనం ఎలా మోసపోతామో, బొమ్మకు ధర కట్టేటప్పుడూ అలాగే మోసపోగలం. సంతకం పెట్టే ముందు కాగితం చదవడం కూడా కళాకారుడు నేర్చుకోవాల్సిన విద్యే.

ఆయన పోయినా ఆయన కలం ఆగలేదు. ఆయనకు చుట్టమైన భజ్జు శ్యామ్ లండన్ వెళ్లి వచ్చి 2004లో ఒక బొమ్మల పుస్తకం వేశాడు. అందులో భూమి కింద నడిచే రైలు వానపాము అయింది. ఊళ్లో పొద్దు చెప్పేది కోడి కాబట్టి లండన్ గడియారం కోడిపుంజు అయింది. భజ్జుకు 2018లో పద్మశ్రీ వచ్చింది. అదే కలంలో గీసే దుర్గాబాయి వ్యామ్‌కు 2022లో వచ్చింది.

ఉపాధ్యాయులుగా మాకు ఇందులో ఒక పాఠం కనిపిస్తోంది. మన బడిలో పిల్లలను బొమ్మ గీయమంటే రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, పక్కన కొబ్బరిచెట్టు గీస్తారు. ఊళ్లో కొబ్బరిచెట్టే ఉండదు. ఇప్ప, తునికి, నల్లమద్ది రోజూ చూస్తారు, కానీ అవి బొమ్మకు పనికిరావని ఎవరో చెప్పినట్టు వదిలేస్తారు. ఆ మాట ఎవరూ నోటితో చెప్పి ఉండరు. బోర్డు మీద మనం గీసే బొమ్మలే చెబుతున్నాయి. ఈసారి డ్రాయింగ్ పీరియడ్‌లో పిల్లలను బయటికి తీసుకెళ్లండి. ఒక్కొక్కరూ ఒక్క చెట్టును గీయాలి. దాని పేరు అమ్మభాషలో రాయాలి. ఆ చెట్టు కథ ఏమిటో ఇంట్లో అవ్వను అడిగి రావాలి. అవ్వలు ఉన్నప్పుడే ఈ పని కావాలి.