చిన్న రైలు స్టేషన్‌లో మన మూటలు



పోయిన సెలవుల్లో మేం కొందరం పాతపట్నం వైపు వెళ్ళినప్పుడు పాత చిన్న రైలు స్టేషన్ ఒకటి చూశాం. తలుపుల్లేవు. టికెట్ల కిటికీకి రెండు ఊచలు మిగిలాయి. లోపల ఎవరో గడ్డిమోపులు వేసుకున్నారు. "ఇందులో చూడ్డానికేముంది?" అన్నాడు మాలో ఒకడు. అప్పుడు సమాధానం చెప్పలేకపోయాం. ఇప్పుడు రాస్తున్నాం.

ముందు అందరికీ తెలిసిన చరిత్ర. పర్లాకిమిడి రాజావారు నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా రైలు మార్గం వేయించారు. 1900లో బండి మొదలైంది. పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులే, అందుకే జనం నోట చిన్న రైలు అయింది. 1931కి గుణుపురం చేరింది. మొత్తం సుమారు 90 కిలోమీటర్లు. 2004లో పెద్ద లైను కోసం దాన్ని ఆపేశారు. ఆ మరుసటి ఏడే నీలగిరి కొండ రైలుకు ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. మన దారిలో పెద్ద రైలైతే వచ్చింది గానీ, మేం చూసిన ఆ పాత గది ఎవరికీ పట్టకుండా ఉండిపోయింది.

ఈ చరిత్రలో రాజా ఉన్నాడు, ఇంజను ఉంది. మనం లేం.

కానీ మనం అక్కడ ఉన్నాం. కొండ మీద జొన్న, సామ, కంది, పసుపు అన్నీ పండుతాయి. ఉప్పు పండదు. నౌపడ ఉప్పుకు పేరున్న ఊరు, ఈ రైలు బయల్దేరేది అక్కడి నుంచే. మన పెద్దలు చింతపండు, పసుపు, కొండచీపుర్లు, అడ్డాకులు మోసుకుని సంతకు దిగేవారు, ఉప్పు, బట్ట పట్టుకుని ఎక్కేవారు. ఆ స్టేషన్ చూసి వచ్చాక కొండ మీద ఒక ముసలమ్మను అడిగాం. ఆమెకు ఇంజను రంగు గుర్తులేదు. షావుకారు తక్కెడ గుర్తుంది. చీకటి పడితే కొండెక్కలేక, అయ్యతో కలిసి స్టేషన్ అరుగు మీదే పడుకున్న రాత్రి గుర్తుంది. "ఉప్పుమూట తలకింద పెట్టుకున్నాం, తడవకుండా" అంది.

అలాగని రైలు మనకు మేలే చేసిందని అనలేం. ఉప్పును దగ్గర చేసిన రైలే మన అడవి సరుకును దూరం పట్టుకుపోయింది. అస్సాం తేయాకు తోటలకు కూలికి పోయి, తిరిగిరాని సవర కుటుంబాలున్నాయి. అంత దూరం మనుషుల్ని చేర్చింది రైళ్ళే. వారసత్వం అంటే గొప్పలు చెప్పుకోవడమే కాదు, ఇవి కూడా అందులో భాగమే.

ఇంకో సంగతి. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉంటూ సవర నేర్చుకున్నారు. రైలు గుణుపురం చేరిన 1931లోనే ఆయన సవర భాషా గ్రంథం అచ్చయింది. 1936లో మంగేయి గొమాంగో మన భాషకు లిపి తయారుచేశారు. అదే ఏడు ఒడిశా వేరే రాష్ట్రమైంది, పర్లాకిమిడి అటు, పాతపట్నం ఇటు అయ్యాయి. మన చుట్టాలు రెండు రాష్ట్రాల మనుషులయ్యారు. చిన్న రైలు మాత్రం రెండు పక్కలా తిరుగుతూనే ఉంది.

రాజాల చరిత్రకు కోటలున్నాయి, కాగితాలున్నాయి. మన పెద్దలు నడిచిన దారులకు ఇలాంటి అరుగులే సాక్ష్యం. అవి కూలిపోతే ముసలమ్మ చెప్పిన మాటను పలానా చోట జరిగిందని చూపించలేం.

అందుకే అడుగుతున్నాం. మెళియాపుట్టి, సీతంపేట, గుణుపురం వైపు తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీ దగ్గర్లో పాత స్టేషన్ ఉంటే నాలుగు వైపులా ఫొటోలు తీయండి. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఏం మోసుకెళ్ళారో, ఏం తెచ్చారో, ఎక్కడ పడుకున్నారో సవరలోనే రికార్డు చేయండి. అవన్నీ కలిపి, ఒక్క గదైనా నిలబెట్టమని రైల్వేవాళ్ళకు అర్జీ పెడదాం. గదిది తర్వాత చూసుకోవచ్చు, ముసలివాళ్ళతో మాటలు మాత్రం ఈ సంక్రాంతి సెలవుల్లోనే మొదలుపెట్టండి.