మారుమనువు నుంచి మనోవర్తి దాకా

"మన వైపు ఇలాంటివి ఎప్పుడైనా విన్నామా?" కూతురు విడాకుల మాట ఎత్తగానే మార్కాపురంలోనైనా గిద్దలూరులోనైనా ఇంటి పెద్దలు ముందుగా అనేది ఇదే. పట్నం పోకడ, చదువుల ఫలితం, సినిమాల ప్రభావం అంటూ ఆ వెంటనే కారణాలూ చెబుతారు. పడమటి ప్రకాశం చరిత్ర మాత్రం వేరే సంగతి చెబుతోంది. ఇక్కడ దంపతులు విడిపోవడం చట్టం పుట్టకముందు నుంచీ ఉంది. కొత్తగా వచ్చిందల్లా విడిపోయిన ఆడమనిషికి హక్కు.

పెద్దమనుషుల పంచాయితీ

మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలోనివి. జిల్లా కోర్టుకు పోవాలంటే నల్లమల దాటాలి. కాపురం తగాదా పట్టుకుని అంత దూరం పోయేవారెవరు? ఊళ్లోనే కులపెద్దలు కూర్చుని తేల్చేవారు. రెక్కల కష్టం మీద బతికే చాలా కులాల్లో తెగదెంపులు, ఆ తర్వాత మారుమనువు ఆచారంలోనే ఉన్నాయి. పెళ్లి ఖర్చు ఎవరు ఎవరికి తిరిగివ్వాలో తేలితే ఇద్దరి దారులూ వేరయ్యేవి. పరస్పర అంగీకారంతో, ఖర్చు చెల్లించుకుని విడిపోయే కులాచారంలో అనైతికం ఏమీ లేదని మద్రాసు హైకోర్టు 1894లోనే ఒప్పుకుంది. నల్లమల చెంచుల్లో భార్యాభర్తల్లో ఎవరైనా కాపురం వదులుకునే వీలుండేది. 1943లో వెలువడిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ గ్రంథం చెంచుల కుటుంబ జీవితాన్ని వివరంగా నమోదు చేసింది.

ఈ వీలు అందరికీ లేదు. అగ్రవర్ణాల్లో పెళ్లి తెగేది కాదు. భర్త వదిలేస్తే ఆమె పుట్టింట్లో మూలన పడి ఉండాల్సిందే. అతను మాత్రం మరో పెళ్లి చేసుకోవచ్చు. ఆచారం ఉన్న కులాల్లోనూ పంచాయితీలో కూర్చునేది మగవాళ్లే. పిల్లలు ఎవరి దగ్గర ఉండాలో, ఆమె ఏం తిని బతకాలో అక్కడ తేలేది తక్కువ.

మతానికో దారి

1876-78 కరువు తర్వాత ఒంగోలు బాప్టిస్టు మిషన్ ద్వారా ఈ ప్రాంతపు దళితులు పెద్ద సంఖ్యలో క్రైస్తవం తీసుకున్నారు. దాంతో వాళ్ల పెళ్లిళ్లు 1869 నాటి భారతీయ విడాకుల చట్టం కిందికి వచ్చాయి. ఆ చట్టం ప్రకారం భార్య వ్యభిచారం ఒక్కటి రుజువైతే భర్తకు విడాకులు దొరికేవి. భార్య అడిగితే భర్త వ్యభిచారం ఒక్కటే చాలేది కాదు, క్రూరత్వమో రెండేళ్లు వదిలేయడమో దానికి తోడవ్వాల్సి ఉండేది. జిల్లా కోర్టు డిక్రీ ఇచ్చినా హైకోర్టు ఖాయం చేయాల్సి ఉండేది. ఈ అన్యాయం 2001లో గానీ పోలేదు. కులాచారం ఇచ్చిన వీలు కన్నా చట్టం ఇరుకైపోయిన సందర్భమిది.

ముస్లిం స్త్రీకి 1939 చట్టం కోర్టు తలుపు తెరిచింది. భర్త నాలుగేళ్లు అయిపు లేకుండా పోయినా, రెండేళ్లు పోషించకపోయినా ఆమె వివాహ రద్దు కోరవచ్చు.

హిందువుల విషయంలో ఇక్కడ తొలి మలుపు మద్రాసు ప్రావిన్స్ 1949లో చేసిన ద్విభార్యత్వ నిరోధ, విడాకుల చట్టం. మార్కాపురం, గిద్దలూరులకు అదే వర్తించింది. అప్పటిదాకా మగవాడికి ఉన్న రెండో పెళ్లి స్వేచ్ఛ దానితో ఆగింది. 1955 మే 18న వచ్చిన హిందూ వివాహ చట్టం దాని స్థానం తీసుకుంది. ఎనిమిదేళ్లకే పెళ్లయి, ఊహ తెలిశాక ఆ బంధం నుంచి బయటికొచ్చిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ కుటుంబ తగాదాలకు ప్రత్యేక కోర్టులు కావాలని 1950లలోనే వాదించారు. కుటుంబ కోర్టుల చట్టం 1984లో గానీ రాలేదు.

కడప నుంచి వచ్చిన ప్రశ్న

పక్క జిల్లాలో మొదలైన ఒక కేసు దేశమంతా చర్చకు దారితీసింది. భార్య తిరిగి కాపురానికి రావాలంటూ సినీనటి సరిత భర్త కడప సబ్ కోర్టులో పిటిషన్ వేశారు. అలాంటి ఆదేశానికి ఆధారమైన హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్‌నే ఆమె హైకోర్టులో సవాలు చేశారు. 1983లో జస్టిస్ పి.ఎ. చౌదరి ఆ సెక్షన్‌ను కొట్టేశారు. ఇష్టం లేని స్త్రీని కాపురానికి పంపడం ఆమె వ్యక్తిగత గౌరవాన్ని, శరీరంపై ఆమెకున్న హక్కును కాలరాయడమేనని ఆయన తేల్చారు. 1984లో సుప్రీంకోర్టు మరో కేసులో ఆ తీర్పును తోసిపుచ్చింది. సెక్షన్ నేటికీ ఉంది. అయినా చౌదరి గారు లేవనెత్తిన ప్రశ్న న్యాయమైనదే.

స్టాంపు కాగితం చాలదు

ఇప్పటికీ మన పల్లెల్లో పెద్దమనుషులు స్టాంపు కాగితం మీద తెగదెంపులు రాయిస్తున్నారు. హిందూ వివాహ చట్టం 29వ సెక్షన్ కులాచార విడాకులను కాపాడిన మాట నిజమే. ఆ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు కాబట్టి చెంచులకు వారి ఆచారమే చట్టం. మిగతావాళ్లు మాత్రం తమ కులంలో అలాంటి ఆచారం ఉందని సాక్ష్యాలతో రుజువు చేసుకోవాలని 2002లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. రుజువు కాకపోతే ఆ కాగితం చెల్లదు, దాన్ని నమ్ముకుని చేసుకున్న రెండో పెళ్లీ చెల్లదు.

కోర్టు దారి అందరూ భయపడినంత మూసుకుపోయినది కాదు. 1976 సవరణతో పరస్పర అంగీకార విడాకులు వచ్చాయి. ఏడాది విడిగా ఉన్న దంపతులు కలిసి పిటిషన్ వేయాలి. ఆరు నెలలు దాటాక, పద్దెనిమిది నెలల లోపు మళ్లీ కోర్టు ముందుకు వచ్చి అదే మాట చెప్పాలి. తగిన కారణముంటే ఆ ఆరు నెలల గడువును కోర్టు మాఫీ చేయవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. ఒప్పుదల కుదరకపోతే క్రూరత్వం, రెండేళ్లు వదిలేయడం వంటి కారణాలు చూపి ఒక్కరే వేయవచ్చు. అప్పుడు వాయిదాలు ఎక్కువే. అందుకే మధ్యంతర మనోవర్తి మొదట్లోనే అడగాలి. ఇద్దరూ ఆస్తులు, ఆదాయం ప్రమాణపత్రంలో చూపాలని, మనోవర్తి దరఖాస్తు చేసిన రోజు నుంచే లెక్కించాలని సుప్రీంకోర్టు 2020 తీర్పు చెబుతోంది. పుట్టింటివారు పెట్టిన బంగారం, సామాను ఆమె సొత్తే.

అన్నిటికన్నా మన ప్రాంతానికి మేలు చేసింది హిందూ వివాహ చట్టానికి 2003లో చేసిన సవరణ. భర్త హైదరాబాద్‌లో ఉన్నా బెంగళూరులో ఉన్నా, భార్య తాను ఉంటున్న ప్రాంతపు కోర్టులోనే పిటిషన్ వేయవచ్చు. అడవి దాటి కర్నూలు పోవాల్సిన రోజుల నుంచి ఇక్కడికి రావడానికి ఎన్ని దశాబ్దాలు పట్టిందో గుర్తుంచుకోవాలి. ఏ చట్టమూ నిర్ణయం తీసుకోమని తొందరపెట్టదు. రాజీకి అవకాశం ఉందేమో కోర్టే ముందు చూస్తుంది. కానీ దెబ్బలు తింటున్న మనిషిని 'సర్దుకుపో' అనడం రాజీ కాదు.

కాబట్టి అమ్మానాన్నలకు ఒక్క విన్నపం. పుట్టింటికి వచ్చిన బిడ్డ చెప్పేది పూర్తిగా వినండి. పరువు మాట తర్వాత. తెగదెంపులే తప్పవనుకుంటే పంచాయితీ అరుగు దగ్గర ఆగకుండా కోర్టులోని మండల న్యాయ సేవల కమిటీ దగ్గరికి ఆమెను తీసుకెళ్లండి. ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి స్త్రీకీ అక్కడ ఉచితంగా వకీలును ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల చట్టం చెబుతోంది.