మరపును కొలిచినవారు: చీటీ ముక్క నుంచి కంప్యూటర్ కార్డు దాకా

పరీక్ష ముందురోజు రాత్రి పాఠమంతా చదివారు. ఒకటికి నాలుగుసార్లు చదివారు. పుస్తకం మూసేసరికి అంతా వచ్చేసినట్టే అనిపించింది. పరీక్ష రాశారు, మార్కులూ వచ్చాయి. నెల తిరిగాక ఎవరో అదే పాఠంలోంచి చిన్న ప్రశ్న అడిగితే నోరు పెగల్లేదు. "నాది మట్టిబుర్ర" అని మిమ్మల్ని మీరే తిట్టుకున్నారు. అవునా?

అలా తిట్టుకోకండి. మరచిపోవడం మీ ఒక్కరి జబ్బు కాదు. రాయి కిందపడటానికి ఒక లెక్క ఉన్నట్టే మరపుకూ ఒక లెక్క ఉంది. ఆ లెక్కను 140 ఏళ్ల కిందటే ఒకాయన తన మీద తానే ప్రయోగం చేసుకుని కట్టాడు. ఇవాళ చాలామంది విద్యార్థులు ఫోన్లలో వాడే ఫ్లాష్‌కార్డులు ఆ లెక్కకు మునిమనవలు. వాటి కథ తెలిస్తే వాటిని ఎలా వాడాలో కూడా తెలుస్తుంది. అందుకే ముందు కథ, తరవాత పద్ధతి.

మొదట చీటీ

పుస్తకంలో పేజీలు కుట్టేసి ఉంటాయి. కొత్త విషయం మధ్యలో చేర్చాలంటే చోటుండదు. చీటీలకు ఆ బాధ లేదు, ఎటైనా జరపవచ్చు. ఫ్రెంచి విప్లవ కాలంలో, 1791లో, మఠాల నుంచి స్వాధీనం చేసుకున్న పుస్తకాల జాబితా తయారు చేయడానికి పేకముక్కలు వాడారు. ఆ రోజుల్లో పేకముక్కల వెనుకవైపు ఖాళీగా ఉండేది మరి!

అంతకుముందే స్వీడన్ ప్రకృతి శాస్త్రవేత్త కార్ల్ లిన్నేయస్ (1707–1778) అదే ఇబ్బందిలో పడ్డాడు. ప్రపంచం నలుమూలల నుంచీ కొత్త మొక్కలు, కొత్త జంతువులు వచ్చి పడుతుంటే నోటుపుస్తకాలు చాల్లేదు. 1760లలో ఆయన సుమారు 13 సెంటీమీటర్ల పొడవు, 7.5 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న చీటీల మీద ఒక్కో జీవి సంగతి రాసుకోవడం మొదలుపెట్టాడు. ఒక చీటీకి ఒక్కటే సంగతి. ఈ నియమాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ మన పనికి వస్తుంది.

అయితే లిన్నేయస్ చీటీలు జ్ఞాపకం పెట్టుకోవడానికి కాదు, జ్ఞాపకం పెట్టుకునే బరువు తప్పించుకోవడానికి. సంగతిని బుర్రలోకి ఎక్కించడానికి వాడే కార్డులు వేరు. 1834లో ఇంగ్లండులో ఫేవెల్ లీ మార్టిమర్ అనే రచయిత్రి పిల్లలకు చదవడం నేర్పేందుకు అక్షరాల, మాటల కార్డులు అచ్చు వేయించింది. ఈనాటి ఫ్లాష్‌కార్డులకు తొలి నమూనాల్లో దాన్ని ఒకటిగా చెబుతారు. కానీ ఒక కార్డును మళ్లీ ఎప్పుడు చూడాలన్న ప్రశ్నకు అప్పటికింకా ఎవరి దగ్గరా జవాబు లేదు.

తన మీద తానే ప్రయోగం

ఆ జవాబు వెతికినవాడు జర్మనీకి చెందిన హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ (1850–1909). జ్ఞాపకాన్ని కొలవాలంటే మొదట ఒక చిక్కు ఎదురవుతుంది. తెలిసిన మాటలు కొన్ని తేలిగ్గా, కొన్ని కష్టంగా వస్తాయి. కొలబద్దే సమంగా లేకపోతే కొలత ఎలా కుదురుతుంది? అందుకని ఆయన ఒక హల్లు, ఒక అచ్చు, మళ్లీ ఒక హల్లు కలిపి అర్థంలేని పదాంశాలు సుమారు 2,300 తయారు చేశాడు. వాటిని వరసలుగా పేర్చి, గడియారం టిక్కుటిక్కులకు అనుగుణంగా చదివి, తప్పులేకుండా అప్పజెప్పేదాకా వల్లించేవాడు. కొంతకాలం ఆగి మళ్లీ అదే వరస నేర్చుకునేవాడు. రెండోసారి ఎంత సమయం మిగిలిందో, అదే జ్ఞాపకానికి కొలత.

ఆయన 1885లో ప్రచురించిన పుస్తకం ప్రకారం, 20 నిమిషాల తరవాత మళ్లీ నేర్చుకుంటే మిగిలిన శ్రమ సుమారు 58 శాతం. గంట తరవాత 44, ఒక రోజు తరవాత 34, 31 రోజుల తరవాత 21 శాతం. చాలామంది ఇక్కడ పొరబడతారు. 34 శాతం అంటే ఒక రోజు తరవాత 34 శాతం మాటలు గుర్తున్నాయని కాదు. మొదటిసారి 100 నిమిషాలు పట్టిన పని రెండోసారి 66 నిమిషాల్లో అయిపోయిందని అర్థం.

ఈ అంకెల్లోని ముఖ్యమైన సంగతి ఏమిటంటే, మరపు మొదట్లో నిలువునా జారుతుంది, తరవాత తరవాత నిదానిస్తుంది. 2015లో జాప్ ముర్రే, జోరీ డ్రోస్ అనే పరిశోధకులు ఇదే ప్రయోగాన్ని మళ్లీ చేసి చూస్తే దాదాపు అదే రేఖ వచ్చింది.

ఎబ్బింగ్‌హాస్ చెప్పిన రెండో సంగతి విద్యార్థికి ఇంకా విలువైనది. 12 పదాంశాల వరసను ఒకే రోజు 68 సార్లు వల్లిస్తే మర్నాడు ఎంత ఫలితం కనిపించిందో, మూడు రోజులకు పంచి 38 సార్లు వల్లిస్తే కూడా దాదాపు అంతే ఫలితం వచ్చింది. అంటే మధ్యలో విరామం ఇచ్చినందుకు 30 సార్ల శ్రమ ఆదా!

మూడో సంగతీ ఉంది. ఆయన బైరన్ రాసిన 'డాన్ జువాన్' కావ్యంలోని చరణాలను కూడా కంఠతా పట్టి చూశాడు. అర్థంలేని పదాంశాలతో పోలిస్తే శ్రమ పదో వంతుకు తగ్గింది. అర్థమైనదాన్ని గుర్తుంచుకోవడం అంత తేలిక. బట్టీ పట్టేవాళ్లు పది రెట్లు కూలి చెల్లిస్తున్నారన్నమాట.

చదవడమా, అడగడమా?

1939లో అమెరికాలో హెర్బర్ట్ స్పిట్జర్ అయోవా రాష్ట్రపు బడుల్లో ఆరో తరగతి చదివే 3,605 మంది పిల్లలతో ఒక పరిశోధన ప్రచురించాడు. అందరూ ఒకే వ్యాసం చదివారు. పరీక్ష మాత్రం వేర్వేరు రోజుల్లో పెట్టాడు. చదివిన వెంటనే పరీక్ష రాసిన పిల్లలకు వారాలు గడిచాక కూడా ఎక్కువ గుర్తుంది. పరీక్ష కొలబద్ద మాత్రమే కాదు, అదీ ఒక చదువే అని దీనివల్ల తేలింది.

2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికే దీన్ని ఇంకా స్పష్టంగా చూపారు. కాలేజీ విద్యార్థులు కొన్ని వ్యాసభాగాలు చదివారు. ఒకసారి చదివినదాన్నే రెండోసారి చదివారు, మరోసారి పుస్తకం మూసి గుర్తున్నదంతా రాశారు. 5 నిమిషాల తరవాత పరీక్షిస్తే మళ్లీ చదివినదే మెరుగు: 81 శాతం, 75 శాతం. వారం తరవాత తక్కెడ తిరగబడింది. మళ్లీ చదివింది 42 శాతం మిగిలితే, గుర్తు చేసుకుని రాసింది 56 శాతం మిగిలింది.

మరి మనకు ఈ సంగతి అనుభవంలో ఎందుకు తెలియదు? 2009లో నేట్ కార్నెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్లాష్‌కార్డులతోనే దీన్ని పరిశీలించాడు. 20 కార్డుల కట్టను ఒకటిగా ఉంచి తిప్పితే ఒక్కో కార్డు మళ్లీ రావడానికి ఆలస్యమవుతుంది. అయిదేసి కార్డుల చిన్న కట్టలుగా చేస్తే వెంటవెంటనే వస్తుంది. నూటికి 90 మందికి పెద్ద కట్టతోనే, అంటే ఎడంతోనే, బాగా గుర్తుంది. కానీ చదవడం ముగించిన వెంటనే అడిగితే 72 శాతం మంది చిన్న కట్టే మేలన్నారు!

చూశారా, అసలు ప్రమాదం ఇక్కడుంది. తేలిగ్గా అనిపించే పద్ధతి మనల్ని మోసం చేస్తుంది. పరీక్ష ముందురోజు రాత్రి "అంతా వచ్చేసింది" అనిపించడం ఆ మోసమే. ఎమ్మెస్సీ రోజుల్లో ఎన్నో రాత్రులు నేనూ ఆ మాయలోనే గడిపాను.

పెట్టె నుంచి కంప్యూటర్‌కు

1967లో భాషా బోధకుడు పాల్ పింస్లర్ ఒక పట్టీ సూచించాడు. కొత్త మాటను 5 సెకన్లకు, 25 సెకన్లకు, 2 నిమిషాలకు, 10 నిమిషాలకు, గంటకు, 5 గంటలకు, ఒక రోజుకు, 5 రోజులకు, 25 రోజులకు, ఇలా దాదాపు అయిదేసి రెట్లు పెంచుకుంటూ గుర్తు చేసుకోవాలి. ఆలోచన బాగుంది. కానీ వందల మాటలకు ఈ లెక్క రాసిపెట్టుకునేదెవరు?

ఆస్ట్రియాలో పుట్టి జర్మనీలో పనిచేసిన సెబాస్టియన్ లైట్‌నర్ (1919–1989) అనే సైన్సు పాత్రికేయుడు 1972లో తన పుస్తకంలో ఒక పెట్టెతో ఈ చిక్కు విప్పాడు. పెట్టెలో అయిదు అరలు. వాటి వెడల్పు వరసగా 1, 2, 5, 8, 14 సెంటీమీటర్లు. కొత్త కార్డు మొదటి అరలోకి వెళుతుంది. జవాబు సరిగ్గా వస్తే తరవాతి అరలోకి, తప్పితే మళ్లీ మొదటి అరలోకి. అర నిండినప్పుడే అందులోని కార్డులు తీసి చూడాలి. చిన్న అర త్వరగా నిండుతుంది, పెద్ద అర ఆలస్యంగా నిండుతుంది. కాబట్టి బాగా వచ్చిన కార్డు అరుదుగానూ, రాని కార్డు తరచుగానూ కనిపిస్తుంది. క్యాలెండరుతో పనిలేకుండా పెట్టె వెడల్పే లెక్క చూసుకుంటుంది!

1985లో పోలండు విద్యార్థి పియోటర్ వోజ్నియాక్ ఇంగ్లీషు మాటల జంటలు పేజీల నిండా రాసి తన మీదే ప్రయోగం చేసుకున్నాడు. 1, 7, 16, 35 రోజులు, ఆ పైన రెట్టింపు చొప్పున విరామాలు తనకు సరిపోతాయని లెక్క కట్టాడు. అయితే ఒక పేజీలో తేలిక మాటలూ కష్టమైనవీ కలిసే ఉంటాయి, అన్నీ ఒకే రోజు చూడాల్సి వస్తుంది. ఒక్కో మాటకు ఒక్కో లెక్క పెట్టాలంటే కంప్యూటర్ కావాలి. 1987 డిసెంబరులో ఆయన 'సూపర్‌మెమో' అనే ప్రోగ్రాం రాశాడు. అందులో జవాబు చెప్పాక 0 నుంచి 5 దాకా మీకు మీరే మార్కు వేసుకోవాలి. మొదటి విరామం 1 రోజు, రెండోది 6 రోజులు, ఆపైన ప్రతిసారీ సుమారు 2.5 రెట్లు: 15 రోజులు, 38 రోజులు, మూడు నెలలు. కష్టమైన కార్డుకు ఈ గుణకం తగ్గుతుంది. 3 కంటే తక్కువ మార్కు పడితే లెక్క మళ్లీ మొదటికి.

2006లో ఆస్ట్రేలియాకు చెందిన డేమియన్ ఎల్మ్స్ జపనీస్ భాష నేర్చుకోవడానికి 'అంకి' అనే ప్రోగ్రాం తయారు చేశాడు. జపనీస్‌లో ఆ మాటకు కంఠస్థం అని అర్థం. అది వోజ్నియాక్ లెక్కనే కొద్దిగా మార్చి వాడుకుంది. 2023లో విద్యార్థి గత జవాబులను బట్టి విరామాన్ని అంచనా వేసే మరో కొత్త లెక్క కూడా అందులో చేరింది.

మంచి కార్డు ఎలా ఉంటుంది?

"గుండె పనితీరు వివరించండి" అని కార్డు మీద రాశారనుకోండి. సగం గుర్తొచ్చి సగం రాకపోతే ఏ మార్కు వేసుకుంటారు? లిన్నేయస్ నియమం ఇక్కడే పనికొస్తుంది: ఒక కార్డుకు ఒకే సంగతి. "ఊపిరితిత్తుల నుంచి వచ్చే రక్తం గుండెలో ఏ గదిలోకి చేరుతుంది?" జవాబు: ఎడమ కర్ణిక. "కుడి జఠరిక గోడ కంటే ఎడమ జఠరిక గోడ ఎందుకు మందం?" జవాబు: అది శరీరమంతటికీ రక్తాన్ని నెట్టాలి కాబట్టి. 'ఏది' కార్డుల మధ్య ఇలాంటి 'ఎందుకు' కార్డులు తప్పకుండా ఉండాలి. లేకపోతే చేతిలో ముక్కలు మిగులుతాయి గాని గుండె మిగలదు.

పాఠం అర్థమయ్యాకే కార్డు రాయండి. బొమ్మ ఉన్నచోట బొమ్మ గీసి ఒక భాగం పేరు దాచండి. సొంత మాటల్లో రాయండి. కార్డు తయారీలోనే సగం చదువు అయిపోతుంది. ప్రతి పాఠానికీ ఒక కట్ట కట్టకండి. సబ్జెక్టుకు ఒక కట్ట చాలు, పాఠం పేరు కార్డు మూలన రాసుకోవచ్చు. పాఠాలు కలగలిసి వస్తే "ఇది ఫలానా పాఠం కాబట్టి జవాబు ఇదే" అని ఊహించే వీలుండదు. రోజుకు పది, పదిహేను కొత్త కార్డులు మించనివ్వకండి. ఉత్సాహం కొద్దీ వంద చేర్చితే వారం తిరిగేసరికి పాత కార్డులే కొండలా పేరుకుని పని మానేస్తారు. కార్డు తిప్పే ముందు జవాబును పైకి అనండి, లేదా రాయండి. "తెలుసులే" అనుకుని తిప్పేస్తే అది మళ్లీ చదవడమే అవుతుంది.

ఫోను లేనివాళ్లు చిన్నబుచ్చుకోనక్కర్లేదు. చెప్పుల అట్టపెట్టె, అందులో నాలుగు అట్ట అడ్డుగోడలు, పాత నోటుపుస్తకం ఖాళీ పేజీలు ఉంటే లైట్‌నర్ పద్ధతికి ఇంకేమీ అక్కర్లేదు. శాస్త్ర పదాలకు తెలుగు మాటలు గుర్తుంచుకోవడానికి నా బల్ల మీద ఉన్నది అలాంటి పెట్టే.

మీరే చేసి చూడండి

నా మాట నమ్మనక్కర్లేదు. మీకు తెలియని 20 ఇంగ్లీషు మాటలు కార్డుల మీద రాయండి. కలిపి, చూడకుండా పదేసి చొప్పున రెండు కట్టలు చేయండి. మొదటి కట్టను నాలుగు రోజులు రోజుకోసారి తిప్పండి. రెండో కట్టను మూడు రోజులు ముట్టుకోకుండా, నాలుగో రోజున ఒకేసారి నాలుగుమార్లు తిప్పండి. రెండింటికీ మొత్తం శ్రమ సమానమే. అప్పుడే ఒక కాగితం మీద, ఏ కట్ట ఎక్కువ గుర్తుంటుందనిపిస్తోందో రాసి మడిచిపెట్టండి. సరిగ్గా వారం తరవాత రెండు కట్టలకూ పరీక్ష పెట్టుకుని, మార్కులు వేసుకుని, ఆ కాగితం విప్పండి.

మీ మార్కులు ఒకటి చెప్పి, మీ కాగితం మరొకటి చెబితే ఆశ్చర్యపోకండి. మిత్రులతో కూడా చేయించి అందరి ఫలితాలూ ఒకచోట రాయండి. ఎబ్బింగ్‌హాస్‌కు కూడా మొదట్లో ఉన్నవి ఒక గడియారం, కొన్ని కాగితాలు, తన బుర్ర. అంతే!