చిత్రకళా చరిత్రకు ఆకరాలుగా కులీనుల యాత్రా దినచర్యలు: వెర్మేర్‌ను చూసిన ఇద్దరు

ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’ 19వ శతాబ్ది సాంఘిక చరిత్రకు ఆకరంగా తెలుగు పరిశోధకులకు సుపరిచితం. యాత్రికుడు యథాలాపంగా రాసుకున్న వివరం తరువాతి తరాలకు సాక్ష్యం కావడం 17వ శతాబ్ది ఐరోపా కులీనుల దినచర్యలలోనూ కనిపిస్తుంది. వారి రాతలు చిత్రకళా చరిత్రకు ఎంతవరకు ఆధారపడదగినవో డెల్ఫ్ట్ నగర చిత్రకారుడు యొహానెస్ వెర్మేర్ (1632–1675) విషయంలో పరిశీలించవచ్చు. అతడు రాసిన లేఖలేవీ లభించలేదు గనుక పరాయివారి మాటకు ఇక్కడ విలువ ఎక్కువ.

ఫ్రెంచి కులీనుడు బల్తజార్ ద మోంకోనీ 1663 ఆగస్టు 11న వెర్మేర్‌ను కలిశాడు. చిత్రకారుని వద్ద చూపడానికి ఒక్క చిత్రమూ లేదు. ఒక రొట్టెల వ్యాపారి ఇంట మాత్రం ఒకటి కనిపించింది. ఒకే ఒక్క మనిషి ఉన్న ఆ చిత్రానికి 600 లీవర్లు ఇచ్చారని విని, ఆరు పిస్తోలు నాణేలు, అంటే సుమారు పదో వంతు, ఇచ్చినా ఎక్కువేనని మోంకోనీ రాసుకున్నాడు. ఈ తీర్పును చూసి అతని అభిరుచిని ఎగతాళి చేయడం తేలిక. కానీ పరిశోధకునికి పనికివచ్చేది ఆ తీర్పు కాదు. అతడు పట్టించుకోకుండా నమోదు చేసిన సంగతి. వెర్మేర్ చిత్రం ప్రభువుల మేడలో కాక ఒక వ్యాపారి ఇంట ఉంది. 600 అన్న అంకెను మాత్రం జాగ్రత్తగా వాడాలి. అది విన్న మాట. చెప్పినవాడు సొంతదారే అయితే ధర పెంచి చెప్పి ఉండవచ్చు.

దినచర్యలో ఆ వ్యాపారి పేరు లేదు. అతడు హెండ్రిక్ ఫాన్ బౌటెన్ అని పరిశోధకులు గుర్తించారు. 1676 జనవరిలో వెర్మేర్ భార్య కతరీనా బోల్నెస్, రొట్టెల బాకీ 617 గిల్డర్లకు గాను రెండు చిత్రాలను అతనికి అప్పగించిన దస్తావేజు ఉంది. దస్తావేజు తోడైనప్పుడే దినచర్యలోని వాక్యానికి బలం వచ్చింది.

హేగ్ నగరపు సంపన్న యువకుడు పీటర్ టేడింగ్ ఫాన్ బెర్ఖౌట్ 1669 మే 14న, మళ్లీ జూన్ 21న వెర్మేర్ వద్దకు వెళ్లాడు. ఫ్రెంచిలో రాసుకున్న తన దినచర్యలో అతణ్ణి ప్రసిద్ధ చిత్రకారుడన్నాడు. చూసిన పనితనంలో పర్‌స్పెక్టివ్‌ను ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు. అంటే ఈసారి చూపడానికి చిత్రాలున్నాయి. మోంకోనీ మాట ఒక్కటే పట్టుకుని వెర్మేర్ తన వద్ద చిత్రాలేవీ ఉంచుకునేవాడు కాదని సామాన్యీకరించడం ఇక్కడ వీగిపోతుంది. అయితే తాను చూసినవి ఏ చిత్రాలో బెర్ఖౌట్ చెప్పలేదు. ఆ ఖాళీని నేడు మిగిలిన చిత్రాలలో ఏదో ఒకదానితో పూరించడం ఊహే అవుతుంది. ‘ప్రసిద్ధ’ అన్న విశేషణాన్నీ కొలిచి చూడాలి. మే 14న డెల్ఫ్ట్‌లో అతనికి కలిసినవారిలో కవి, ఆరెంజ్ రాకుమారుల కార్యదర్శి కాన్‌స్టంటైన్ హైగెన్స్ ఉన్నాడు. బెర్ఖౌట్ విన్న కీర్తి ముందుగా ఆ కొద్దిమంది రసజ్ఞుల నడుమ చెల్లుబాటైన కీర్తి.